నలభై వేల వెబ్‌సైటు అక్కర్లేదు టీచర్ గారూ

టీచర్ గారూ, ఆ నలభై వేలు ఎవరికీ ఇవ్వకండి.

మీరు రాసిన దాన్ని బట్టి నాకు అర్థమైంది ఇదీ. కనిగిరి వైపు జడ్పీ హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెప్తున్నారు. పాఠాలు నెట్‌లో పెట్టాలని, తెలుగులో బ్లాగు రాయాలని, ఊళ్లో ఫ్లోరైడ్ నీళ్ల సంగతి పైవాళ్ల దాకా తీసుకెళ్లాలని మీ ఆలోచన. ఈ మూడింటికీ కలిపి వెబ్‌సైటు కట్టిస్తానని ఒకాయన నలభై వేలు అడిగాడు, ఏటా మెయింటెనెన్స్ వేరే అన్నాడు. ఇవ్వాలా, లేక చేతిలో ఉన్నవాటితోనే చేసుకోవచ్చా అని మీ ప్రశ్న.

చేసుకోవచ్చు. ఒక బ్లాగు, ఒక గూగుల్ ఫారం, దాని వెనక ఒక షీటు, పంచడానికి వాట్సాప్. ఇవి చాలు. వీటిని నేర్చుకోవడానికి రెండు ఆదివారాలు పడుతుందేమో. అసలు చిక్కు వేరే చోట ఉంది. ఏది ఎక్కడ పెట్టాలి, ఎవరి పేరున పెట్టాలి, రెండేళ్ల తర్వాత ఎవరైనా వెతికితే దొరుకుతుందా? చాలామంది ఈ మూడూ ఆలోచించకుండా మొదలుపెట్టేస్తారు. నేను బ్లాగుల తొలిరోజుల నుంచీ తెలుగులో రాస్తున్నాను, టీచర్లకీ ఊరి సంఘాలకీ ఈ పనులు నేర్పుతుంటాను. అందుకే ఈ సమాధానం కొంచెం పొడుగే.

ముందు బ్లాగు సంగతి. ఫేస్‌బుక్‌లో రాస్తే సరిపోదా అని అడుగుతారు. చదివేవాళ్లు అక్కడే ఉన్నారు, నిజమే. కానీ పోయిన ఏడాది జూన్‌లో రాసిన పోస్టు ఇవాళ వెతికి తీయండి చూద్దాం, రాసిన మీకే దొరకదు. పైగా ఆ కంపెనీలు ఎప్పుడు తలుపులేస్తాయో తెలీదు. ఆర్కుట్ 2014లో పోయింది, గూగుల్ ప్లస్ 2019లో పోయింది. యాహూ గ్రూపులు 2020 డిసెంబరులో పూర్తిగా మూతపడ్డాయి, తెలుగువాళ్లు ఏళ్ల తరబడి చేసుకున్న చర్చలు అంతకుముందే చెరిగిపోయాయి. ముందే దింపుకున్నవాళ్ల దగ్గర మాత్రమే ఆ కాపీలు మిగిలాయి. వాట్సాప్ గ్రూపూ ఫేస్‌బుక్కూ దారి లాంటివి, బ్లాగు ఇల్లు. జనం దారిన వస్తారు కదా అని సామానంతా దారి మీదే పెట్టుకోం.

బ్లాగర్, వర్డ్‌ప్రెస్ రెండూ ఉచితమే. మీకు నేను బ్లాగర్ చెప్తాను. చూడ్డానికి పాతగా ఉంటుంది, నిజం చెప్పాలంటే గూగుల్ దాన్ని పెద్దగా పట్టించుకోవడం లేదు. కానీ ఫోన్లో బ్రౌజర్ తెరిచి కూడా రాసుకోవచ్చు, ఇంకో నలుగురిని రచయితలుగా చేర్చుకోవచ్చు. ఓ వెయ్యి రూపాయలు అటూఇటూగా ఏటా కడితే సొంత డొమైన్ పేరు, అంటే నెట్‌లో మీ సొంత అడ్రసు, వస్తుంది. దాన్ని బ్లాగర్‌కి తగిలించుకుంటే, రేపు బ్లాగర్ మూతపడినా అదే అడ్రసుతో ఇంకో చోటికి వెళ్లిపోవచ్చు. డబ్బు పెట్టదలిస్తే ఈ ఒక్కదానికే పెట్టండి, డొమైన్ మాత్రం మీ పేరున, మీ ఈమెయిల్‌తో కొనండి. వెబ్‌సైట్లు కట్టించేవాళ్లు దాన్ని తమ పేరున కొని, తర్వాత ఇవ్వకుండా ఏడిపించడం నేను చాలాసార్లు చూశాను.

బ్లాగర్లో ఒక తిరకాసు ఉంది, ఎవరూ చెప్పరు. శీర్షిక మొత్తం తెలుగులో పెడితే పోస్టు లింకులో ఆ శీర్షిక రాదు, ఉత్త ‘బ్లాగ్ పోస్ట్’ అని, దాని పక్కన ఏదో ఒక అంకె వస్తుంది. పాతిక పోస్టులయ్యాక ఏ లింకు దేనిదో మీకే తెలీదు. కుడిపక్క సెట్టింగుల్లో పెర్మాలింక్ అని ఉంటుంది, అంటే పోస్టు లింకు అడ్రసు. పబ్లిష్ నొక్కకముందే అక్కడ కస్టమ్ ఎంచుకుని ఇంగ్లీషు అక్షరాల్లో రెండు మూడు మాటలు కొట్టండి. ఒకసారి పబ్లిష్ అయ్యాక దాన్ని మార్చడం తలనొప్పి. వర్డ్‌ప్రెస్‌లో దీనికి తలకిందులుగా ఉంటుంది. తెలుగు శీర్షికను లింకులోకి తీసుకుంటుంది కానీ, వాట్సాప్‌లో అతికించేసరికి ఒక్కో తెలుగు గుర్తూ శాతం గుర్తులు, అంకెలతో కలిపి తొమ్మిది అక్షరాలవుతుంది. చూసినవాళ్లు ఏదో వైరస్ లింకు అనుకుని నొక్కరు. అక్కడా మందు ఇదే, లింకు ఇంగ్లీషు అక్షరాల్లో పెట్టడం.

టైపింగ్ గురించి ఎక్కువ చెప్పను. ఫోన్లో జీబోర్డ్ తెలుగు వాయిస్ టైపింగ్ బాగా పని చేస్తోంది, కంప్యూటర్లో ఇంగ్లీషు అక్షరాలు కొడితే తెలుగు వచ్చే లేఖిని సైటు ఎప్పటినుంచో ఉంది. ఒక్క జాగ్రత్త. మీ మండలంలో డీటీపీ చేసేవాళ్లు ఇంకా అను ఫాంట్లలోనే కొడుతుంటారు. అది కాగితం మీద ముద్రించడానికి బాగుంటుంది. నెట్‌లో పెడితే మాత్రం గూగుల్‌కి అది తెలుగని తెలియదు, వెతికినా దొరకదు. యూనికోడ్‌లోనే ఉండాలి, అంటే ఫోన్లో తెలుగు కొడితే వచ్చే మామూలు అక్షరాలే. పాత కాగితాలూ కరపత్రాలూ ఉంటే ఫోటో తీసి గూగుల్ డ్రైవ్‌లో వేసి, ‘ఓపెన్ విత్ గూగుల్ డాక్స్’ అంటే తెలుగు అక్షరాలు చాలావరకు సరిగ్గానే బయటికొస్తాయి. ఒత్తులు మాత్రం ఒకసారి సరిచూసుకోవాలి. దయచేసి విషయమంతా ఒక పోస్టరు బొమ్మ మీద రాసేసి పెట్టకండి. బొమ్మ అందంగా ఉంటుంది కానీ, అందులో ఉన్న ఊరి పేరు కొట్టి వెతికితే మీ పేజీ రావడం కష్టం.

ఇక పాఠాలు. ప్రభుత్వం వారి ఆన్‌లైన్ పాఠాల సైటు దీక్షాలో ఇప్పటికే పాఠ్యపుస్తకాల క్యూఆర్ కోడ్‌లకు వీడియోలున్నాయి. వాటినే మళ్లీ తీయడం దండగ. అక్కడ లేనిది మీ ఊరు. కొలరాడో విశ్వవిద్యాలయం వాళ్ల ఫెట్ సిమ్యులేషన్లు, అంటే తెర మీద చేసి చూసే ప్రయోగాలు, చూడండి, సర్క్యూట్లూ కాంతీ శబ్దం అన్నీ ఉన్నాయి, ఉచితం. కొన్నింటికి తెలుగు అనువాదాలు కూడా ఉన్నాయి. చాలావాటిని ఫైలుగా దింపుకుంటే నెట్ లేని క్లాసులో కూడా ఆడతాయి. బ్లాగులో ఒక పాఠానికి ఒక పేజీ చాలు. పైన నాలుగు వాక్యాలు, తర్వాత సిమ్యులేషన్ లింకు, ఆఖర్న గూగుల్ ఫారంతో చేసిన క్విజ్. ఫారం సెట్టింగుల్లో ‘మేక్ దిస్ ఎ క్విజ్’ ఆన్ చేస్తే మార్కులు అదే వేస్తుంది. ‘ఒక్కరికి ఒక్కసారే’ అనే ఆప్షన్ మాత్రం ఆన్ చేయకండి. అది పెడితే గూగుల్ లాగిన్ అడుగుతుంది. మీ పిల్లలు రాసేది నాన్న ఫోన్లోనో అన్న ఫోన్లోనో కదా, ఒకే ఫోన్లో అక్కా తమ్ముడూ ఇద్దరూ రాయాల్సి వస్తే రెండోవాళ్లు ఆగిపోతారు. పేరు బదులు రోల్ నంబరు అడగండి, అది చాలు. పిల్లల ముఖాలు కనిపించే ఫోటోలు బ్లాగులో వద్దు. డిజిటల్ పర్సనల్ డేటా మీద 2023లో వచ్చిన చట్టం పద్దెనిమిదేళ్లు నిండని వాళ్లందర్నీ పిల్లలుగానే లెక్కేస్తుంది, వాళ్ల వివరాలు తీసుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలంటుంది. చట్టం లేకపోయినా వద్దనే చెప్తాను.

మీకో మంచి పాఠం మీ కాళ్ల దగ్గరే ఉంది. మన దేశంలో ఫ్లోరోసిస్‌ని, అంటే నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై పళ్లకీ ఎముకలకీ వచ్చే జబ్బుని, వైద్యులు మొదటిసారి నమోదు చేసింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లాలో. మీ కనిగిరీ పక్కనున్న దర్శీ, పొదిలీ ప్రకాశం జిల్లా ఏర్పడేదాకా, అంటే 1970 దాకా, నెల్లూరు జిల్లాలోనివే. ఎనిమిదో తరగతి పిల్లలకి ఇది చెప్పి, తాగేనీటిలో ఫ్లోరైడ్ లీటరుకి 1 మిల్లీగ్రాము దాటకూడదనీ, వేరే నీరు దొరకని చోట 1.5 దాకా మాత్రమే ఒప్పుకోవచ్చనీ బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) ప్రమాణం చూపించి, ‘మన బోరులో ఎంత ఉందో ఎలా తెలుస్తుంది?’ అని అడగండి. ఇది సైన్స్ పాఠం. ఇందులో ఎవరి మీదా ఫిర్యాదు లేదు, ఎవరూ కాదనలేరు.

కాదనే ప్రమాదం ఉన్న పని దీని తర్వాతది. ఇక్కడ కొంచెం ఆగి చదవండి.

మీరు ప్రభుత్వ ఉద్యోగి. 1964 నాటి సివిల్ సర్వీసెస్ ప్రవర్తనా నియమావళి మీకు వర్తిస్తుంది, ప్రభుత్వ విధానాలను బహిరంగంగా విమర్శించడం మీద అందులో ఆంక్ష ఉంది. దొంగ పేరుతో రాస్తే సరిపోతుందని కొందరు సలహా ఇస్తారు. ఊరంతా తెలిసిన సంగతిని దొంగ పేరు దాచదు, బయటపడ్డ రోజు మీ మాటకి ఉన్న విలువ కూడా పోతుంది. అందుకని రెండు బ్లాగులు పెట్టండి. పాఠాలది మీ పేరున. నీళ్లది ఊరివాళ్ల పేరున, అంటే డ్వాక్రా సంఘం వాళ్లో, డిగ్రీ చదివి ఊళ్లో ఉన్న కుర్రాళ్లో బాహాటంగా తమ పేర్లతో నడిపేది. అడ్మిన్‌గా కనీసం ఇద్దరుండాలి, ఒకరి ఫోన్ పోతే మొత్తం పోకుండా. మీరు వాళ్లకి కొలవడం నేర్పండి, పట్టిక ఎలా వేయాలో చూపించండి. నేర్పడం మీ పనే కదా.

కొలత అంటే ఏం చేయాలో చెప్తాను. ఇంటింటికీ కుళాయి ఇచ్చే కేంద్ర పథకం జల్ జీవన్ మిషన్ కింద ఊరికి ఐదుగురు ఆడవాళ్లకి ఫీల్డ్ టెస్ట్ కిట్‌తో నీళ్లు పరీక్షించడం నేర్పాలని ఉంది. మీ ఊళ్లో ఆ ఐదుగురు ఎవరో, కిట్ ఎక్కడుందో ముందు కనుక్కోండి. పంచాయతీ బీరువాలో సీలు తీయకుండా ఉంటే ఆశ్చర్యపోకండి. అందులోని రీఏజెంట్ (పరీక్షకి వాడే రసాయనం) గడువు తేదీ చూడండి. నీళ్లలో చుక్కలు వేసి వచ్చిన రంగును చార్టుతో పోల్చుకోవడమే పరీక్ష. అది అంచనా మాత్రమే, కాబట్టి ఎక్కువ వచ్చిన చోట నమూనా గ్రామీణ నీటి సరఫరా శాఖ, అంటే ఆర్‌డబ్ల్యూఎస్ ల్యాబుకి పంపించి కాగితం మీద రిపోర్టు తీసుకోవాలి.

ఆ కొలతలన్నీ గూగుల్ ఫారంలోకి ఎక్కించండి. తేదీ, పేట, నీటి వనరు, రీడింగు, కొలిచినవారు. ఐదు ప్రశ్నలు, అంతే. వనరు దగ్గర టైపు చేయమనకండి, జాబితా ఇచ్చి ఎంచుకోమనండి. టైపు చేయనిస్తే ఒకరు బోరు అంటారు, ఒకరు బోరింగు, ఒకరు చేతిపంపు. మనకి మూడూ ఒకటే కానీ షీటు వాటిని మూడుగా లెక్కేస్తుంది. పేటల పేర్లకీ ఇదే. ఫోటో అప్‌లోడ్ చేసే ప్రశ్న కూడా ఫారంలో వద్దు. అది పెట్టగానే లాగిన్ అడుగుతుంది, సగం మంది అక్కడే వదిలేస్తారు. ఫోటోలు వాట్సాప్‌లో పంపమనండి, ‘డాక్యుమెంట్’గా పంపమనండి. మామూలుగా పంపితే ఎప్పుడు ఎక్కడ తీశారన్న వివరాలు చెరిగిపోతాయి. ఒరిజినల్ మీ దగ్గర దాచుకుని, బ్లాగులో పెట్టేటప్పుడు మామూలు కాపీ పెట్టండి. ఎవరింటి ముందు తీశారో లోకమంతటికీ తెలియనక్కర్లేదు.

షీటు అందరికీ చూపించాలనుకుంటే ‘వ్యూయర్’గానే ఇవ్వండి. కొలిచినవాళ్ల ఫోన్ నంబర్లు కూడా అందులో రాసుకుంటే, ఆ కాలమ్‌ని ‘హైడ్’ చేశాం కదా అని నిశ్చింతగా ఉండకండి. షీటు కాపీ చేసుకున్నవాళ్లు దాన్ని క్షణంలో తెరుస్తారు. నంబర్లు లేని వేరే షీటు చేసి దాన్నే బయటికివ్వాలి. ఇది చాదస్తం అనుకోవద్దు, పెద్ద పెద్దవాళ్ల చేతిలోనే జారింది. 2015లో నెట్ న్యూట్రాలిటీ (నెట్‌లో అన్ని సైట్లనీ సమానంగా చూడడం) మీద టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 118 పేజీల చర్చాపత్రం వేసి 20 ప్రశ్నలడిగింది. ఎవరు చదువుతారు అంత? కొందరు వాలంటీర్లు సేవ్ ది ఇంటర్నెట్ అని ఒక చిన్న సైటు పెట్టి, ఆ 20 ప్రశ్నలకీ జవాబులు రాసి, నొక్కితే మెయిల్ వెళ్లిపోయేలా చేశారు. పది లక్షలకి పైగా మెయిళ్లు వెళ్లాయి. ఆ ఏప్రిల్ 27న ట్రాయ్ వాటన్నిటినీ పంపినవాళ్ల ఈమెయిల్ అడ్రసులతో సహా తన సైట్లో పెట్టేసింది. స్పామ్ పంపేవాళ్లకి పండగే పండగ.

ఆ కథలో ఇంకో సగం ఉంది, మీకు పనికొచ్చేది అదే. అదే ఏడాది చివర్లో ఫేస్‌బుక్ తన ఫ్రీ బేసిక్స్ (కొన్ని సైట్లని మాత్రమే ఉచితంగా చూపించే పథకం) కోసం ఇలాగే ఒక బటన్ పెట్టి జనంతో లక్షల్లో మెయిళ్లు పంపించింది. అడిగిన ప్రశ్నలకి అందులో జవాబు లేదని ట్రాయ్ పెదవి విరిచింది. 2016 ఫిబ్రవరి 8న వచ్చిన ఉత్తర్వు ఫేస్‌బుక్ కోరుకున్నదానికి సరిగ్గా వ్యతిరేకం. బటన్ రెండు చోట్లా ఒకటే, సంఖ్య రెండు చోట్లా లక్షల్లోనే. ఒకరు అడిగినదానికి జవాబిచ్చారు, ఇంకొకరు చప్పట్లు పంపారు. అందుకే ఆన్‌లైన్ పిటిషన్ల మీద నాకు పెద్దగా నమ్మకం లేదు. మీ ఊరి నీళ్ల మీద అమెరికాలో ఉన్న మనవాళ్లు వెయ్యిమంది సంతకం పెడితే మీకు ధైర్యంగా ఉంటుంది, బాగానే ఉంటుంది. ఆర్‌డబ్ల్యూఎస్ ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు గారు జవాబు చెప్పాల్సిన కాగితం మాత్రం అది కాదు.

ఆయన జవాబు చెప్పాల్సిన కాగితం సమాచార హక్కు దరఖాస్తు. 2005 చట్టంలో సెక్షన్ 6(1) కింద ఊళ్లో ఎవరైనా వేయొచ్చు, ఎందుకడుగుతున్నారో చెప్పనక్కర్లేదు. మన దగ్గర గ్రామస్థాయి ఆఫీసుకైతే ఫీజు లేదు, మండల స్థాయికి 5 రూపాయలు, ఆపైన 10. ‘మా ఊరికి మంచినీళ్లు ఎందుకివ్వడం లేదు’ అని అడగకండి. ఎందుకు అనేది సమాచారం కాదని తిప్పికొడతారు. ఇలా రాయండి: ‘మా పంచాయతీలోని తాగునీటి వనరులన్నిటికీ గత మూడు సంవత్సరాల్లో జరిపిన నీటి పరీక్షల నివేదికల నకళ్లు, వనరు వారీగా, తేదీలతో ఇప్పించగలరు.’ 30 రోజుల్లో రాకపోతే సెక్షన్ 19(1) కింద మొదటి అప్పీలు. దరఖాస్తు పోస్టు చేసిన రసీదు ఫోటోతో సహా బ్లాగులో పెట్టండి, దరఖాస్తు వేసినవాళ్ల ఇంటి అడ్రసు చెరిపేసి. 30 రోజులు నిండగానే అదే పోస్టు కింద ‘జవాబు రాలేదు’ అని ఒక్క వాక్యం చేర్చండి. తిట్లకన్నా అది ఎక్కువ పని చేస్తుంది, విలేకరులకి కూడా తయారు సరుకు దొరుకుతుంది.

ఇంకొకటి. జల్ జీవన్ మిషన్ డ్యాష్‌బోర్డులో మీ ఊరి పేరు కొట్టి, ఎన్ని ఇళ్లకి కుళాయి ఉన్నట్టు రాశారో చూడండి. మనిషికి రోజుకి 55 లీటర్లు ఇస్తామన్నది ఆ పథకం మాట. అక్కడున్నదీ మీరు చూస్తున్నదీ వేరైతే స్క్రీన్‌షాట్ తీసుకోండి కానీ దానితో ఆగకండి. స్క్రీన్‌షాట్ మార్చారంటారు. ఆ పేజీ లింకును ఇంటర్నెట్ ఆర్కైవ్ వారి వేబ్యాక్ మెషీన్లో ‘సేవ్ పేజ్ నౌ’ దగ్గర అతికించండి. ఆ తేదీతో కాపీ అక్కడ ఉండిపోతుంది, రేపు అసలు పేజీ మారినా. కొన్ని ప్రభుత్వ పేజీలు దానికి అందవు, అప్పుడు పీడీఎఫ్‌గా ప్రింట్ తీసి పెట్టుకోండి. మీ బ్లాగు పోస్టుల్ని కూడా ఆ ఆర్కైవులో దాచండి, ఖర్చు లేదు.

తెలుగులో రాస్తే పైవాళ్లు చదువుతారా అని మీరు అడగలేదు కానీ చాలామంది అడుగుతారు. 2020లో కేంద్ర పర్యావరణ శాఖ ఈఐఏ (ప్రాజెక్టుల వల్ల పర్యావరణం మీద పడే ప్రభావం అంచనా) నియమాల ముసాయిదా వేసి, ఇంగ్లీషులో హిందీలో పెట్టి అభిప్రాయాలు చెప్పమంది. దాన్ని ఎనిమిదో షెడ్యూల్‌లోని 22 భాషల్లోకీ అనువదించమని జూన్ 30న ఢిల్లీ హైకోర్టు చెప్పింది, గడువు ఆగస్టు 11 దాకా పొడిగించింది. తెలుగులో కూడా ఉండాలని అడిగేటప్పుడు ఆ ఉత్తర్వును చూపించుకోవచ్చు. అంతకుముందు ఏడాది నల్లమల యురేనియం గొడవ మీకు గుర్తుండే ఉంటుంది. సినిమావాళ్ల ట్వీట్లే అందరికీ కనిపించాయి. కానీ అమ్రాబాద్ దగ్గర ఊళ్లవాళ్లు అంతకుముందు నుంచే రోడ్డెక్కి ఉన్నారు. ఆ రెండూ కలిశాయి కాబట్టే 2019 సెప్టెంబరులో తెలంగాణ అసెంబ్లీ ఏకగ్రీవ తీర్మానం దాకా వెళ్లింది. ఊళ్లో కదలిక లేకుండా హ్యాష్‌ట్యాగ్ ఒక్కదాన్నే నమ్ముకుంటే రెండోరోజుకి చల్లారిపోతుంది.

పోస్టు పెట్టినందుకు కేసు పెడతామని ఎవరైనా బెదిరిస్తే టెన్షన్ పడకండి. నెట్‌లో రాసినందుకు కేసులు పెట్టడానికి వాడిన ఐటీ చట్టం 66ఏ సెక్షన్‌ని సుప్రీంకోర్టు 2015 మార్చిలోనే కొట్టేసింది. పరువునష్టం మాత్రం ఉంది, ఇప్పుడది భారతీయ న్యాయ సంహిత 356. అందుకే ఫలానా కాంట్రాక్టర్ తినేశాడు అని రాయకండి, మీ దగ్గర రుజువున్నా సరే. ఫలానా తేదీన ఫలానా బోరులో రీడింగు ఇంత, ల్యాబు రిపోర్టు ఇదిగో అని రాయండి. తినేశాడో లేదో చదివినవాళ్లు చూసుకుంటారు.

పంచేటప్పుడు వాట్సాప్‌లో మొత్తం మెసేజ్ అతికించకండి. రెండు వాక్యాలు, ఒక లింకు. మెసేజ్ మొత్తం అతికిస్తే అది చేతులు మారుతూ మారుతూ 1.8 కాస్తా 18 అయిపోతుంది, మీరు దిద్దలేరు. లింకైతే తప్పు కనబడిన రోజు బ్లాగులో దిద్దితే అందరికీ దిద్దినదే కనిపిస్తుంది. మీ ఊరికి తెలుగు వికీపీడియాలో పేజీ దాదాపు ఉండే ఉంటుంది, చూడండి. అక్కడ ఉద్యమం నడపకూడదు, తీసేస్తారు, తీసేయడమే న్యాయం కూడా. కానీ ల్యాబు రిపోర్టు గురించి పేపర్లో వార్త వస్తే ఆ మూలం చూపించి తాగునీటి విభాగంలో ఒక వాక్యం చేర్చొచ్చు.

ఈ వారానికి బ్లాగు కూడా వద్దు. కిట్ ఎక్కడుందో కనుక్కుని, ఒక కాగితం మీద ఊళ్లో ఉన్న బోర్లు, చేతిపంపులు, ట్యాంకుల జాబితా పేటలవారీగా రాసుకోండి. ఫారంలో ఎంచుకునే జాబితాకి అదే పనికొస్తుంది. ఫారం చేశాక లింకు ఇక్కడ పెడితే నేను ఓసారి నింపి చూసి, ఎక్కడ లాగిన్ అడుగుతోందో చెప్తాను.